గాజు గిన్నెలో ప్రొఫెసర్

ప్రొఫెసర్ యెకుతియేల్ ఒహయోన్ గురువారం తెల్లవారుజామున యెరూషలేములోని ఒక ఆసుపత్రిలో కన్నుమూశాడు. శుక్రవారం మధ్యాహ్నానికి కూడా ఆయనలో కాస్త భాగం బతికే ఉంది.

ఆ భాగం ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ ఒస్నత్ సబారీ కళ్ళెదుట, ఒక వెచ్చటి పెట్టెలో, గులాబీ రంగు నీళ్ళలో మునిగి ఉంది. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. నానబెట్టి మర్చిపోయిన సగ్గుబియ్యంలా చిన్నచిన్న గింజలు, అంతే. పెట్టె తలుపు తెరిచినంతసేపూ లోపలెక్కడో ఒక బుల్లి గంట మూడుసార్లు కూయడం, ఆగడం, మళ్ళీ మూడుసార్లు కూయడం. ఆకలేసిన పిట్టపిల్ల కూతలా ఉంది. ఇరవై ఏళ్ళ పోలీసు ఉద్యోగంలో ఆమె చాలా శవాల్ని చూసింది. వేళకి తిండి అడిగే శవాన్ని మాత్రం ఇదే చూడటం.

"రాత్రి రెండు కొత్త మొగ్గలు వేసింది," అంది పక్కనే నిలబడ్డ డాక్టర్ నోగా జకాయ్. ఈ ప్రయోగశాలలో కణాలు పెంచే పని ఆమెదే. నలభై ఏళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. "పదిహేడో నెంబరు ఎప్పుడూ ఇంతే మేడమ్. మా దగ్గరున్నవాటన్నిట్లోకీ మొండిది ఇదే."

"ఎవరిదో తెలుసా?"

"మాకు నెంబర్లే వస్తాయండీ. పేర్లు ఆసుపత్రి వాళ్ళ దగ్గరుంటాయి. ఎవరో పేగు జబ్బు మనిషి. తొమ్మిదేళ్ళ కింద గోరంత ముక్క తీసిచ్చారు. అప్పట్నుంచి పెంచుతూనే ఉన్నాం."

"మీ ప్రొఫెసర్‌ది."

నోగా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "సార్‌దా? మాకెవరికీ చెప్పనేలేదే. మీకెవరు చెప్పారు?"

"కెషెట్."

కెషెట్ ప్రొఫెసర్ ఒక్కగానొక్క కూతురు. తల్లి లేదు. తండ్రికున్న పేగు జబ్బే ఆమెకూ ఉంది. తండ్రి తయారు చేసిన మందే ఆమె కూడా తాగుతోంది. తొమ్మిదేళ్ళపాటు ఇద్దరికీ ఏ బాధా లేదు. అలాంటిది బుధవారం పొద్దున తండ్రి కడుపు పట్టుకుని కూలిపోయాడు. ఒక్క రోజులో పేగు గోడ చిల్లులు పడ్డ జల్లెడలా అయిపోయింది, లోపలి సూక్ష్మజీవులు నెత్తుట్లో కలిసిపోయాయి. గురువారం రాత్రి కూతురికీ సరిగ్గా అవే లక్షణాలు. ఈ పొద్దున ఒస్నత్ వెళ్ళేసరికి ఆ పిల్ల ఆసుపత్రి మంచం మీద జ్వరంతో మండిపోతోంది. పక్కన ఆసుపత్రి వాళ్ళిచ్చిన భోజనం పళ్ళెం ముట్టకుండా అలాగే ఉంది. ఎంత శుద్ధిగా వండామని ప్రమాణాలు చేసినా ఆ ఇంట్లోవాళ్ళు పరాయి వంటింటి తిండి నోట పెట్టరట. డాక్టరు ఒస్నత్‌ని వరండాలోకి పిలిచి, గోడ తెరిపిస్తున్నదేదో తెలిస్తే ఆపగలమనీ, తెలియకుండా ఇంకోసారి తిరగబెడితే చేతులెత్తేయాల్సిందేననీ చెప్పాడు.

ఏం తెరిపిస్తోందో చెప్పగల మనిషి చచ్చిపోయాడు. ఆ చచ్చినవాడి పేగు మాత్రం ఈ గిన్నెలో ఉంది. దాన్ని అడిగితే చెబుతుంది. అయితే ఈ ఊళ్ళో శవాన్ని కోయనివ్వరు, ఆపి ఉంచనివ్వరు. ఒస్నత్ కోర్టుకెళ్ళి తెచ్చుకున్న గడువు మధ్యాహ్నం రెండింటికల్లా ముగుస్తుంది. ఆపైన సూర్యాస్తమయంతో సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, మొదలయ్యేలోపు ఖననం అయిపోవాలి. మనిషి తాలూకు వెంట్రుకంత భాగం కూడా మట్టి పైన మిగలకూడదన్నది ఖనన సంఘం వాళ్ళ పట్టుదల.

"మీకు తెలిసేట్టు చెప్పనా?" అంటూ నోగా గిన్నెను బల్ల మీద పెట్టి, రెండు సన్నటి వెండి పుల్లల్ని నీళ్ళలోకి దించింది. పక్కనున్న మీటరు మీద 210 అని వెలిగింది. "పేగు లోపలి గోడ అంటే ఒకే ఒక్క వరస కణాలు మేడమ్. చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లల వరస అనుకోండి. ఇటుపక్క తిండీ, లెక్కలేనన్ని సూక్ష్మజీవులూ. అటుపక్క నెత్తురు. పిల్లలు చేతులు గట్టిగా పట్టుకుంటే కరెంటు దూరలేదు, అంకె పెద్దగా ఉంటుంది. చేతులు వదిలారా, అంకె పడిపోతుంది."

"చేతులు వదలకుండా చూసేదెవరు?"

"చాలామంది ఉన్నారు. అందులో ఒకటి మన ఒళ్ళే తయారు చేసుకునే పదార్థం. గంజాయిలో మత్తెక్కించే దానికి దగ్గరి చుట్టం."

"అందరి పొట్టల్లోనూ గంజాయి ఉంటే ఇక మేం ఎవర్ని పట్టుకోవాలమ్మా?"

నోగా ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు కనిపించింది. "గంజాయి కాదు, చుట్టమే. కణం మీద దానికోసం తాళం రంధ్రం లాంటిదొకటి ఉంటుంది. ఇది వెళ్ళి అందులో కూర్చుంటే తలుపు మూసుకుంటుంది. కాపలా కణాలు అనవసరంగా కంగారుపడవు, వాపు రాదు. పనైపోగానే దాన్ని ఊడ్చేసే ఎంజైము ఒకటుంది. సార్ మందు ఆ చీపురు కాస్త నెమ్మదిగా ఆడేలా చేస్తుంది. అంతకన్నా ఏం లేదు."

"మరి ఆ తాళం రంధ్రంలో ఎవరన్నా మైనం పోస్తే?"

నోగా చేతిలోని పుల్ల గిన్నె అంచుకి తగిలి టింగుమంది. "అలాంటివీ ఉంటాయి," అంది. "ఆకలి చంపడానికి వాడాలని చూస్తుంటారు. మీరు బాగా అడుగుతారు మేడమ్."

ఒస్నత్ జేబులోంచి కెషెట్ మంచం పక్కన దొరికిన మందు సీసా తీసిచ్చింది. నోగా దానిలోంచి ఒక్క చుక్క తీసి గిన్నెలో వేసింది. ఫలితం తేలడానికి అరగంట పడుతుందట.

"మీకు చాలా శ్రమ ఇస్తున్నాను. నిద్రపోయి ఎన్నాళ్ళైందో."

"బుధవారం రాత్రంతా ఆసుపత్రిలో కెషెట్ దగ్గరే కూర్చున్నానండీ. పచ్చి మంచినీళ్ళు కూడా తాగనంది పిచ్చిపిల్ల. బతిమాలి నాలుగు ముద్దలు తినిపించాను," అంటూ నోగా కళ్ళు తుడుచుకుంది. ఒస్నత్‌కి గుండె కలుక్కుమంది. తన అమ్మ పోయిన రాత్రి తనకి ఒక్క ముద్ద పెట్టినవాళ్ళు లేరు మరి.

*

ఆ అరగంటనీ ఒస్నత్ పక్క గదిలో డాక్టర్ అమిట్జూర్ పెలెగ్‌కి కేటాయించింది. ప్రొఫెసర్‌తో కలిసి మందు తయారు చేసినవాడు ఇతనే. బట్టతల, ఖరీదైన బూట్లు. తనకి తెలిసింది ఎదుటివాళ్ళకి తెలియనందుకు లోకం మీదే కోపం.

"మీ మందు తాగి ఒకాయన పోయాడు. కూతురు పోబోతోంది," అంది ఒస్నత్, కూర్చోకుండానే.

"నా మందు గోడ కడుతుంది మేడమ్. కూల్చదు."

"పోతేపోయాడనుకున్నారా ఏంటి, భాగం మొత్తం మీకే వస్తుందని?"

"ఆయన పేరు లేకపోతే ఈ మందు మొహం చూసేవాడెవడు? నాకు ఆయన బతికుంటేనే లాభం. ఆ మాత్రం లెక్క రాకుండానే ఇన్‌స్పెక్టర్ అయ్యారా?"

"లెక్కలు మీరు చెప్పండి, రాసుకుంటాను. మంగళవారం ఎక్కడున్నారు?"

"హైఫాలో, సమావేశంలో. సోమవారం వెళ్ళి బుధవారం రాత్రి వచ్చాను. మా వాళ్ళంతా నాతోనే ఉన్నారు. నాలుగొందల మంది చూశారు నన్ను. వాళ్ళలో సగంమంది నా మాటలకి నిద్రపోయారు, మిగతా సగాన్ని అడగండి."

"గోడ కూల్చేది ఇక్కడేమన్నా ఉందా?"

పెలెగ్ గొంతు తగ్గించాడు. "ఒకటుంది. నాది కాదు. మనిషిని సన్నబరిచే మాత్ర. తాళం రంధ్రాన్ని మూసేస్తుంది, ఆకలి చస్తుంది. నూనెలో తప్ప కరగదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కణాల మీద బాగానే ఉంది. పేగు జబ్బు ఉన్నవాళ్ళ కణాల మీద వేస్తే గోడ నిలవడం లేదని ఒహయోన్ పోయిన నెల కనిపెట్టాడు. ఆపేయిస్తానన్నాడు."

"ఎవరి మాత్ర అది?"

"కంపెనీ రహస్యం. కోర్టు కాగితం తెస్తే చెబుతాను. నా మీద దావా వేస్తే మీరొచ్చి కడతారా?"

ఒస్నత్ ఏదో అనబోయేంతలో నోగా తలుపు దగ్గర కనిపించింది. అప్పటికే కోటు తొడుక్కుని ఉంది. "214," అంది. "అంకె తగ్గలేదు, పెరిగింది. సీసాలో ఏ దోషమూ లేదు మేడమ్. నేను ఆసుపత్రికి వెళ్ళనా? సబ్బాతు మొదలయ్యాక బస్సులుండవు. ఆ పిల్ల ఒక్కతే ఉంటుంది."

"వెళ్ళండమ్మా," అంది ఒస్నత్ మనస్ఫూర్తిగా. "మీరుండబట్టి సరిపోయింది."

ఆ మాట తర్వాత చాలా ఏళ్ళపాటు ఆమెకి నిద్రలో వినబడింది.

*

మిగిలింది ప్రొఫెసర్ గది. బల్ల, కుర్చీ, కిటికీలో ఎండిన తులసి లాంటి మొక్క, మూలన చిన్న ఫ్రిజ్. ఒస్నత్ ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చుంది. ఆ మనిషి ఎలాంటివాడో ఫ్రిజ్ చూస్తేనే తెలుస్తోంది. పై అరలో ఎర్ర మూతల డబ్బాలు, మాంసానికి. కింది అరలో నీలం మూతలవి, పాలకి, పెరుగుకి. మధ్యలో ఒక ప్లాస్టిక్ పలక, మాంసమూ పాలూ కలవకూడదన్న యూదు ఆచారం ప్రకారం ఒకదాని ఆవిరి కూడా ఇంకోదానికి సోకకుండా. ఒస్నత్ వాళ్ళ నాన్నమ్మ కూడా ఇంతే. పొరపాటున మాంసం గరిటె పాల గిన్నెకి తగిలితే ఆ రోజుకి ఇల్లంతా ఏడుపే.

ఒస్నత్ నీలం మూతల్ని ఒక్కొక్కటే పక్కకి జరిపింది. అన్నిటికన్నా వెనకాల, గోడకి ఆనించి, ఒక ఎర్ర మూత డబ్బా.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆకతాయి కుర్రాళ్ళ ఫ్రిజ్ అయితే ఇదో విషయమే కాదు. ఈ మనిషి మాత్రం ప్రాణం పోతున్నా మాంసం డబ్బాని పెరుగు పక్కన పెట్టడు. పెట్టాడంటే పొరపాటున కాదు. ఈ భవనంలో మాంసం కోసం వెతికేవాళ్ళెవరూ పాల అరలో చెయ్యి పెట్టరని తెలిసి పెట్టాడు. దాచాడు. ఎవరి కంటా పడకుండా, తను లేచొచ్చి తీసుకునేదాకా.

మూత తీసింది. మాంసం కూరిన రవ్వ ఉండలు రెండు, పులుసు. పైన పసుప్పచ్చగా పేరుకున్న కొవ్వు.

"నూనెలో తప్ప కరగదు," అని తనలో తను అనుకుంటూ డబ్బాతో పెలెగ్ గదిలోకి నడిచింది. "లేవండి డాక్టరుగారూ. ఈ కొవ్వు పదిహేడు మీద వెయ్యాలి."

"పులుసు కొవ్వా? అది కణాల మీద తేలి ఊరికే అల్లరి చేస్తుంది. అంకె పడితే మందు వల్ల పడిందో కొవ్వు వల్ల పడిందో ఎలా చెబుతారు?"

"మీరు మధ్యాహ్నం ఏం తిన్నారు?"

పెలెగ్ ఆమె వంక ఎగాదిగా చూశాడు. తర్వాత, బహుశా జీవితంలో మొదటిసారి, ఒక పోలీసు మనిషిని మెచ్చుకుంటున్నట్టు తలాడించాడు. "మా అత్తగారి కోడి పులుసు. డబ్బాలో కాస్త మిగిలింది. ఆవిడ వంటతో మనుషులు చావాలనుకున్నా ఇప్పటిదాకా ఎవరూ చావలేదు."

పదిహేడో నెంబరుకి ఆరు చిన్న గిన్నెలున్నాయి. ఒక దాంట్లో అత్తగారి కొవ్వు, పక్కదాంట్లో డబ్బాలోని కొవ్వు. రెండింటికీ రెండు మీటర్లు. 210. 210. పది నిమిషాలు గడిచాయి. అత్తగారిది 209 దగ్గర ఆగిపోయింది.

రెండోది 200 దాటి కిందికి దిగింది. 188. 171.

"దేవుడా," అన్నాడు పెలెగ్ సన్నగా.

ఆ గింజల్లో పైకి ఏ మార్పూ లేదు. కానీ అంకె దిగుతున్నకొద్దీ ఒస్నత్‌కి ఒక్కొక్క చెయ్యీ జారిపోవడం వినబడుతున్నట్టే ఉంది. బుధవారం ఆ మనిషి పొట్టలో జరిగింది ఇప్పుడు ఆమె ముందు రెండోసారి జరుగుతోంది. చంపింది బయటివాళ్ళు కారు. పుట్టినప్పట్నుంచీ కడుపులో కాపురమున్న సూక్ష్మజీవులే. ఎవరో తలుపు మాత్రం తీసిపెట్టారు.

"ఎవరి వంట ఇది?" అంది.

"నాకేం తెలుసు? ఆయన బయట తిండి ముట్టడని మాత్రం తెలుసు. ఇంటి వంటే అయ్యుండాలి."

ఇంట్లో వండేది ఎవరో ఒస్నత్‌కి తెలుసు. కెషెట్.

*

"అయితే కూతురే చేసింది," అన్న గొంతు గుమ్మం దగ్గర వినబడింది.

సూపరింటెండెంట్ గాద్ రెజ్నిక్. ఒస్నత్ పై అధికారి. ఆమె పట్టుకున్న ప్రతి కేసునీ మొదట కాదనడం, తేలాక తనదనడం ఆయన అలవాటు. వెనకాల నల్లకోటు, తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన చేతిలో చిన్న చెక్కపెట్టెతో నిలబడి ఉన్నాడు. ఖనన సంఘం మతగురువు, రబ్బీ హనోఖ్.

"సార్, ఆ పిల్ల చావుబతుకుల్లో ఉంది."

"తండ్రికి పెట్టింది తనూ తిన్నది. పశ్చాత్తాపం. నేను చాలా చూశాను. గంట కిందటిదాకా సహజ మరణం అన్నాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నా, హత్యే. నీకింకేం కావాలి? ఆదివారం పొద్దున ఆసుపత్రిలోనే అరెస్టు చేస్తాను."

"ఆదివారానికి అరెస్టు చేయడానికి మనిషి మిగలదు!"

"గొంతు తగ్గించు. నీ గడువు రెండింటికి అయిపోయింది. టైము చూసుకున్నావా? కింద శవం ఎదురుచూస్తోంది. ఈ గిన్నెలు కూడా రబ్బీగారికి అప్పగించి పక్కకి జరుగు. సబ్బాతు పూట ఖనన సంఘం వాళ్ళతో వీధి గొడవ నాకొద్దు."

రబ్బీ హనోఖ్‌కి వాళ్ళ గొడవ పట్టినట్టు లేదు. ఆయన తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి గిన్నెలవైపు వంగాడు. "ఇదేనా తల్లీ?" అని ఒస్నత్‌ని అడిగాడు.

"ఇవి రెండు. మిగతా నాలుగూ ఆ పెట్టెలో."

ఆయన టోపీ సర్దుకున్నాడు. శవానికి స్నానం చేయించే ముందు ఆయన రోజూ ఏం చేస్తాడో అదే చేశాడు. రెండు చేతులూ కట్టుకుని, ఒక మనిషి ముఖంలోకి చూస్తున్నట్టు ఆ గిన్నెలోకి చూస్తూ, "మఖ్లూఫ్ కొడుకువైన యెకుతియేల్, నీకు ఏదైనా అమర్యాద చేసి ఉంటే మమ్మల్ని క్షమించు," అన్నాడు.

మీటరు మీద 96 కాస్తా 95 అయింది. రెజ్నిక్ కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రబ్బీగారూ," అంది ఒస్నత్, నెమ్మదిగా. "ఈ గిన్నెల్లో ఉన్నది ఆయనదని మీకెవరు చెప్పారు?"

"ఒకరు అడిగారు. నేను జవాబు చెప్పాను."

"ఎవరు?"

"సందేహం అడగడానికొచ్చినవాళ్ళ పేరు నేను బయటపెట్టను. వెనకాల మనిషి గురించి మాట్లాడటం మాకు నిషిద్ధం తల్లీ. నిజమైతే మరీ నిషిద్ధం."

ఒస్నత్‌కి ఫ్రిజ్‌లోని డబ్బా గుర్తొచ్చింది. ప్రొఫెసర్‌ది కూడా ఇదే పట్టింపు. మంగళవారం సాయంత్రానికే కడుపులో తేడాగా అనిపించి ఆయనకి అనుమానం వచ్చి ఉంటుంది. రుజువు లేకుండా ఒకరి పేరెత్తడం పాపమని నోరు కట్టుకున్నాడు. పొద్దున్నే పరీక్ష చేద్దామని డబ్బా దాచాడు. ఆ పొద్దుటికి లేవలేకపోయాడు. మర్యాదస్తుడు కాబట్టే చచ్చిపోయాడని ఆమెకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"పెట్టెలోవి కూడా చూపించు నాయనా," అంటున్నాడు రబ్బీ పెలెగ్‌తో. "లెక్క తప్పకూడదు."

పెలెగ్ వెచ్చటి పెట్టె తలుపు తెరిచాడు. లోపలి గంట మూడుసార్లు కూసింది. ఆగింది. మళ్ళీ మూడుసార్లు.

రబ్బీ హనోఖ్ ఉలిక్కిపడి పెట్టె వంక చూశాడు. "ఇదే," అన్నాడు.

"ఏది?"

ఆయన పెట్టెలోని గిన్నెల్ని లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఒస్నత్ ఆయనకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. "రబ్బీగారూ, ఆ అంకె చూడండి. 80. అది పోయినాయన గోడ. అలాంటిదే ఇంకో గోడ ఇప్పుడు ఆసుపత్రిలో ఆయన కూతురి కడుపులో కూలుతోంది. ప్రాణం నిలబెట్టడానికైతే సబ్బాతునైనా పక్కన పెట్టమంటారు మీరు. మరి ఒక్క పేరు పక్కన పెట్టలేరా?"

ముసలాయన మీటరు వంక చూశాడు. ఒక్క క్షణమే ఆలోచించాడు. "పేరు నాకు తెలియదు తల్లీ, ఒట్టు. ఫోనులో అడిగారు. మనిషి చనిపోతే గాజులో పెరుగుతున్న ఆయన మాంసాన్ని కూడా పాతిపెట్టాలా అని. ప్రొఫెసర్ ఒహయోన్ మాంసమనీ, పదిహేడో నెంబరనీ కూడా చెప్పారు. వెనకాల ఇదే కూత వినబడుతూ ఉంది. పిట్టలు పెంచుతారేమో అనుకున్నాను."

"ఎప్పుడు?"

"మంగళవారం పొద్దున."

మంగళవారం పొద్దున ప్రొఫెసర్ నిక్షేపంగా ఉన్నాడు. నవ్వుతూ తిరుగుతున్నాడు. అప్పటికి ఇంకా మధ్యాహ్నం భోజనమే చేయలేదు.

"గొంతు ఎవరిది? ఆడా, మగా?"

"ఆడగొంతు. చాలా మంచిగా మాట్లాడింది. ఏడుస్తున్నట్టుగా కూడా ఉంది."

ఒస్నత్ పెలెగ్ వైపు తిరిగింది. "మంగళవారం మీరంతా హైఫాలో ఉన్నారు. ఈ పెట్టె ముందు ఎవరున్నారు?"

పెలెగ్ పెట్టె తలుపు మూసేశాడు. "ఒహయోన్. ఇంకా... ఆ మాత్ర కూడా తనదే మేడమ్. పదేళ్ళ కష్టం. నోగాది."

పరాయి వంటింటి తిండి నోట పెట్టని పిల్ల బుధవారం రాత్రి నాలుగు ముద్దలు తిన్నది. నోగా పెడితే తిన్నది. అంటే ఆ తండ్రీకూతుళ్ళు నమ్మిన వంటిల్లు లోకంలో తమది కాక ఇంకొకటుంది. చెప్పింది స్వయానా ఆమే. విని గుండె కలుక్కుమనిపించుకున్నది తను. వెళ్ళండమ్మా అని పంపించింది కూడా తనే.

ఒస్నత్ ఫోను తీసింది. కెషెట్ ఫోను మోగలేదు, సబ్బాతుకని ముందే ఆపేసుకుంది. వార్డు నంబరుకి చేసింది. అవతల నర్సు హడావుడిగా ఎత్తింది.

"కెషెట్ ఒహయోనా? జ్వరం ఉంది కానీ కాస్త నయమే మేడమ్. ఇప్పుడే లేచి కూర్చుంది. వాళ్ళ నాన్నగారి ఆఫీసు డాక్టరమ్మ పులుసు తాగిస్తోంది. ఉండండి, ఆవిడకే ఇస్తాను."

"వద్దు, ఆపు, నా మాట..."

అప్పటికే ఫోను చేతులు మారింది. అటు గదిలో ఎక్కడో చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు. ఇటు కిటికీ బయట సబ్బాతు వచ్చిందని చెప్పే సైరను నిదానంగా మొదలై ఊరంతా పరుచుకుంది. రెజ్నిక్ ఈసారి వాదించలేదు. తన ఫోనులో ఆసుపత్రి కాపలావాళ్ళని పిలుస్తూ మెట్లవైపు పరిగెత్తాడు. రబ్బీ చెక్కపెట్టె కింద పెట్టేసి గోడకి చేరగిలబడి ఏదో గొణుగుతున్నాడు.

"ఇన్‌స్పెక్టర్ గారా?" నోగా గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. "ఇంకా అక్కడే ఉన్నారా? పదిహేడు ఎంత చూపిస్తోంది?"

ఒస్నత్ మీటరు వంక చూసింది. 41. నిజం చెబితే అటు ఆ మనిషి ఏం చేస్తుందో తెలియదు. పక్కనే సెలైను గొట్టం ఉంది, చేతిసంచిలో ఏముందో ఎవరికి తెలుసు? కాపలావాళ్ళు ఆ అంతస్తుకి చేరాలంటే కనీసం మూడు నిమిషాలు.

"210," అంది మామూలు గొంతుతో. "అసలు కదల్లేదు. మీరు చెప్పిందే నిజం. ఏ దోషమూ లేదు."

అవతల ఒక చిన్న నిట్టూర్పు, బరువు దింపుకున్న మనిషి విడిచే నిట్టూర్పు.

"హమ్మయ్య. ఇక భయం లేదన్నమాట," అంది నోగా. ఆ తర్వాతి మాట ఫోనుకి కాస్త దూరంగా, ఎంతో ప్రేమగా వినబడింది. "చూశావా, ఏం లేదంటున్నారు. నోరు తెరువమ్మా కెషెట్. ఇది కూడా తాగేస్తే అయిపోతుంది."